పంచిపెట్టిన ప్రశ్నలు

మా యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులు థీసిస్ సమర్పించే ముందు అందరి ఎదుట ఒక సెమినార్ ఇవ్వాలి. నల్లగొండ దాటాక రాళ్లగుట్టల నడుమ కట్టిన ఆ కొత్త క్యాంపస్‌లో దీనికి ఒక ఆనవాయితీ ఏర్పడింది. సెమినార్ ఇచ్చేవారే తమ ల్యాబ్‌లోని జూనియర్లకు తలా ఒక ప్రశ్న ముందుగా పంచేవారు. ఒకరు మందు నీటిలో ఎంత కరుగుతుందని అడగాలి, మరొకరు కణాలను ఎక్కడి నుంచి తెచ్చారని అడగాలి. ప్రశ్న తమదే కనుక జవాబు తడబడేది కాదు. బయటి నుంచి వచ్చిన నిపుణులకు సభ చురుకుగా సాగినట్టు కనిపించేది. ఆ తర్వాత బిర్యానీ, శాలువాలు, ఫొటోలు. ఇందులో మోసం ఉందని ఎవరికీ తోచలేదు. హాల్లో కుర్చీలు సర్దడం లాంటి ఏర్పాటే అది.

నేను మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు. దేవరకొండ డిగ్రీ కాలేజీలో డిబేట్ పోటీల మధ్య పెరిగినదాన్ని. అక్కడ చీటీ తీస్తే అనుకూలమో వ్యతిరేకమో వచ్చేది. ఏది వచ్చినా నిలబడి మాట్లాడాలి. నెగ్గడం ఒక్కటే అక్కడ నేర్చుకున్నానని అనుకోను. ఎదురుప్రశ్నను తట్టుకోని మాటను నమ్మకూడదన్న పట్టుదల కూడా అక్కడే అలవడింది. కాబట్టి సెమినార్లలో నాకు పంచిన ప్రశ్నను పక్కన పెట్టి, నాకు తోచినది అడిగేదాన్ని. కొందరికి చెమటలు పట్టేవి. చివరికి ఒక సీనియర్ అక్క తన సెమినార్ రోజున నా భుజం మీద చెయ్యి వేసి ఒక బాధ్యత అప్పగించింది.

"చెల్లే, నువ్వు చాయ్ కాడ నిలబడు. సమోసాలు చల్లగైతే నా ఇజ్జత్ పోతది."

"ప్రశ్నల టైముకు లోపలికి రావాల్నా అక్కా?"

"అప్పుడే గదా సమోసాలు పంచేది!"

ల్యాబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. లోలోపల గర్వపడ్డాను కూడా. నన్ను బయట నిలబెట్టాల్సి వచ్చిందంటే నా ప్రశ్నకు విలువ ఉన్నట్టే కదా అనుకున్నాను.

నా పరిశోధన కైనేజ్‌ల మీద. ఇవి మన కణాల్లో ఉండే ఒక రకం ప్రొటీన్లు. ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన గుర్తును అంటించడం వీటి పని. గుర్తు పడగానే ఎదుటి ప్రొటీన్ మేలుకుంటుంది, లేదా సద్దుమణుగుతుంది. కొన్ని క్యాన్సర్లలో ఒక కైనేజ్ అదుపు తప్పి, ఆగకుండా గుర్తులు వేస్తూ కణాన్ని పెరగమని తరుముతుంది. ప్రతి కైనేజ్‌లోనూ ఒక చిన్న గుంట ఉంటుంది. ఫాస్ఫేట్‌ను తెచ్చే అణువు వచ్చి కూర్చునేది ఆ గుంటలోనే. అందులో ముందుగానే వేరొకదాన్ని కూర్చోబెడితే కైనేజ్ పని ఆగిపోతుంది. ఇవాళ క్యాన్సర్‌కు వాడే ఎన్నో మాత్రల వెనుక ఉన్న ఆలోచన ఇదే. అలా గుంటలో కూర్చోగల ఒక కొత్త అణువును తయారుచేయడం నాకు అప్పగించిన పని.

క్యాన్సర్ కణాలు హైదరాబాద్ నుంచి రావాలి. వాటిని డ్రై ఐస్ నింపిన థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని, ఒళ్లో ఉంచుకుని ఆర్టీసీ బస్సులో తెచ్చేదాన్ని. ఒకసారి కండక్టర్ పెట్టెను అనుమానంగా చూశాడు.

"ఏందమ్మా, చాపలా?"

"కావన్నా, కణాలు."

"ఏదైతేంది, వాసన రావొద్దు. మూత గట్టిగ పెట్టు."

అణువు కుదిరింది. గాజు గొట్టంలో కైనేజ్ పని పూర్తిగా ఆగింది. ఆ ఫలితం తెరమీద కనిపించిన రోజు మా గైడ్ సార్ అందరికీ మిఠాయి తెప్పించారు. నేను ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, మందు పనిచేసింది" అన్నాను. ఆ మూడు ముక్కలు మా చేనేత వాడలో ఎంత దూరం పోయాయో నాకు ఆలస్యంగా తెలిసింది.

తర్వాతి మెట్టు కణాల్లో పరీక్షించడం. కణాలు నెమ్మదించాయి గాని చావలేదు. కొన్నాళ్లకు మళ్లీ పుంజుకున్నాయి. మందు కణం లోపలికి చేరడం లేదేమోనని సార్ అన్నారు. చూశాను. చేరుతోంది. లోపల కూడా గుర్తులు పడడం ఆగిపోయింది. అయినా కణం బతికే ఉంది. దాంతో ఆ కైనేజ్ అసలు తయారే కాకుండా చేసి చూశాను. కణాలు రాలిపోయాయి. చివరగా, గుర్తులు వేసే శక్తిని తీసేసిన ఒట్టి కైనేజ్‌ను తిరిగి లోపలికి పంపాను. కణాలు మళ్లీ నిలబడ్డాయి.

దీనర్థం తేటతెల్లం. ఆ కణానికి కావలసింది కైనేజ్ చేసే పని కాదు, కైనేజ్ అక్కడ ఉండడం. అది ఏ పనీ చేయకపోయినా, మరో రెండు ప్రొటీన్లను దగ్గరగా పట్టి ఉంచుతోంది. నా మందు దాని పనిని ఆపగలదు, ఆ పట్టును విడిపించలేదు. ఇలాంటి రెండో పాత్ర మరికొన్ని కైనేజ్‌లకూ ఉందని అప్పటికే చదివి ఉన్నాను. నాదానికి ఉండదని ఎందుకు అనుకున్నానో చెప్పలేను.

ఫలితం తీసుకుని సార్ గదికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు.

"మంచి ఫలితం. అందుకే దీన్ని ఈ థీసిస్‌ల పెట్టొద్దు."

"అర్థం కాలేదు సార్."

"నీ ఫెల్లోషిప్ గడువు దగ్గర పడ్డది. ఇది కలిపితే ఇంకో ఏడాది పని. ఇప్పుడున్నదాన్ని పూర్తి చెయ్యి. దీన్ని తర్వాత వేరే పేపర్ చేద్దాం."

అది దుర్మార్గమైన మాట కాదు. ఆయన శిష్యులు గడువు దాటి, జీతం లేక, ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు వదిలేయడం ఆయన కళ్లారా చూశారు. పైగా నేను ఎదురు చెప్పలేదు. హాస్టల్‌కు నడుస్తూ నాకు నేనే వాదన కట్టుకున్నాను. గాజు గొట్టంలో పని ఆగిందన్నది అబద్ధం కాదు. చెప్పేది అంతవరకే. చెప్పనిదాన్ని కాదని అనడం లేదు. చీటీలో ఏ పక్షం వచ్చినా మాట్లాడగలగడం నాకు అలవాటే. ఆ రోజు ఆ అలవాటు చాలా సులువుగా పనికొచ్చింది.

ఇంటి దగ్గర వేరే కథ నడుస్తోంది. మా చిన్నాయనకు ఊపిరితిత్తిలో గడ్డ. ఆయన చుట్ట కూడా తాగినవాడు కాదు. చీరల నూలుకు ముడులు వేసి రంగులద్దడం ఆయన పని. మా నాయిన సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే రోజుల్లో నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోయింది ఆయనే. పట్నం దవాఖానలో రోజుకొక మాత్ర ఇచ్చారు. అదీ ఒక కైనేజ్‌ను ఆపే మందే, నాది దాని బంధువు. చాలాకాలం బాగానే ఉన్నాడు. తర్వాత తీసిన స్కానింగ్‌లో గడ్డ మళ్లీ పెరిగినట్టు తేలింది. ఇంకోసారి ముక్క తీసి పరీక్షించాలని, మందు మార్చాలని డాక్టర్లు చెప్పారు. ఆయన తిరిగి వచ్చి మళ్లీ ముడుల ముందు కూర్చున్నాడు.

నేను సెలవుకు వెళ్లినప్పుడు చిన్నమ్మ చాయ్ పోస్తూ మొరపెట్టుకుంది.

"మల్ల ముక్క తీస్తమంటుండ్రు. సూది మందు ఎక్కియ్యాలె అంటుండ్రు. ఈయన కదలడు. జర నువ్వన్న చెప్పు బిడ్డా."

"ఎందుకు కదలాలె?" అన్నాడు చిన్నాయన. "ఇంట్ల డాక్టరమ్మను పెట్టుకొని ఊర్లు తిరుగుతరా ఎవలన్న?"

"నేను ఆ డాక్టర్ను గాదు చిన్నాయనా."

"ఎర్కే. వాళ్లు మందు రాసేటోళ్లు. నువ్వు మందు చేసేదానివి. ఎవలు పెద్ద చెప్పు?"

అందరూ నవ్వారు. "అది ఇంకా సీసాలనే ఉంది. మనుషులకు ఇయ్యాలంటే చానేండ్లు పడ్తది" అన్నాను.

"నీ సెమినార్ ఏదో ఉందంటివి గదా. అది కానీ. అప్పుడు మీ సారునే అడుగుదం. మన మనిషికి ముందుగాల ఇయ్యరా ఏంది?"

"నువ్వు మొదలు పట్నం పో" అని కూడా అన్నాను. ఆయన దాన్ని నా అణకువగా తీసుకున్నాడు. నేను ఎంత కాదంటే అంత ముచ్చటపడ్డాడు. ఆలస్యమవుతుందని చెప్పగలిగాను. అది క్యాన్సర్ కణాన్ని చంపలేకపోయిందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ మాట అంటే, మరి సెమినార్‌లో ఏం చెబుతావని అడుగుతాడు. ఆ ప్రశ్న ఆయన నోట రాకుండా నేనే అడ్డం కూర్చున్నాను.

సెమినార్ దగ్గరపడింది. ల్యాబ్‌లో అందరికన్నా చిన్న స్కాలర్ వచ్చి మొహమాటంగా అడిగాడు. "అక్కా, నాకేం క్వశ్చన్ ఇస్తవు?"

అతనికి నా సంగతి తెలుసు. నేను తిడతానని సగం ఎదురుచూస్తున్నాడు. "మందు నీళ్లల్ల ఎంత కరుగుతదని అడుగు" అన్నాను. అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించి మాయమైంది. "సరే అక్కా" అని రాసుకున్నాడు. మిగిలినవారికి కూడా ఇచ్చాను. ఒకప్పుడు సమోసాల దగ్గర నిలబెట్టిన అక్కను మనసులో ఎంతగా తప్పుపట్టానో తలుచుకుంటే, ఆ పూట ఎవరి కళ్లలోకీ చూడబుద్ధి కాలేదు.

సెమినార్ రోజు ఊరి నుంచి అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ ఆటోలో వచ్చారు. అమ్మ చేతిలో లడ్డూల డబ్బా. చిన్నాయన ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకున్నాడు. చంకలో పెద్ద ప్లాస్టిక్ కవరు. లోపల స్కానింగ్ ఫిల్ములు.

"గిదెందుకు తెచ్చినవ్ చిన్నాయనా?"

"మీ సారుకు చూపియ్యనీకి. సెమినార్ కాంగనే ఖుషీల ఉంటడు గదా, అప్పుడే అడగాలె."

నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుని, దగ్గు ఆపుకుని, నా వైపు చూసి నవ్వాడు. "అయినంక చూద్దాం" అని చెప్పి లోపలికి నడిచాను.

ప్రసంగం బాగా సాగింది. ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా, గాజు గొట్టంలోని ఫలితం దగ్గర అందంగా ఆపాను. జూనియర్లు తమ ప్రశ్నలు అడిగారు. నేను నా జవాబులు చెప్పాను. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణురాలు తృప్తిగా తల ఊపి, బాగుందన్నారు. ఇంకెవరికైనా సందేహాలున్నాయా అని అధ్యక్షులు అడిగారు. లేవు. రెండో వరుసలో చిన్నాయన ఒళ్లో కవరు సర్దుకుంటూ, లేవడానికి సిద్ధమవుతున్నాడు.

ఆయన లేచి సార్ దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ఆ క్షణంలో స్పష్టంగా కనిపించింది. సార్ మర్యాదగా ఫిల్ములు చూస్తారు. ఏదో ఊరడింపు మాట చెబుతారు. చిన్నాయన దాన్ని మాటిచ్చినట్టు తీసుకుంటాడు. ఇంటికి వెళ్లి ముడుల ముందు కూర్చుని ఎదురుచూస్తాడు.

"ఇంకో ప్రశ్న ఉంది సార్" అన్నాను. "ఎవరూ అడగలేదు గనుక నేనే అడుగుతున్నాను. మందు కైనేజ్ పనిని ఆపితే, క్యాన్సర్ కణం ఎందుకు చావలేదు?"

దాచిన ప్రయోగాలు వరుసగా చెప్పాను. బోర్డు మీద బొమ్మ గీశాను. నిపుణురాలు కుర్చీలో ముందుకు జరిగారు. చిన్నాయన ముఖం మాత్రం మారలేదు. ఇంగ్లీషులో చెబుతున్నాను, ఆయనకు ఏమని అర్థమవుతుంది? సుద్దముక్క కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"చిన్నాయనా, ఇది మందు గాదు. రోగాన్ని పెంచేటోడు ఒకడున్నడు అనుకొని, వాని చేతులు కట్టేసిన. చేతులు ఆగినయ్. కని వాడు చేతులతోటి పని చేసుడే గాదు, మగ్గం గుంజ లెక్క నిలబడి పడుగును పట్టుకొని కూడ ఉన్నడు. చేతులు కట్టేస్తే గుంజ పడిపోతదా? పడలే. రోగం ఆగలే. నువ్వు దీనికోసం ఆగొద్దు."

ఆయన కవరును నెమ్మదిగా మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

ఇది థీసిస్‌లో ఎందుకు లేదని నిపుణురాలు అడిగారు. సార్ లేచి నిలబడ్డారు. "అది నా సలహా" అన్నారు. "ఒప్పుకున్నది నేను" అన్నాను. అసలు థీసిస్ ఇదేనని, దీన్ని పూర్తిచేసి రావాలని ఆవిడ తేల్చిచెప్పారు. గుంటను మూయడంతో సరిపెట్టకుండా, ఆ ప్రొటీన్‌నే పట్టి కణంలోని చెత్త తొలగించే యంత్రాంగానికి అప్పగించే మందుల కోసం ఇప్పుడు చాలామంది ప్రయత్నిస్తున్నారని, నా ఫలితం ఆ దారిలోనిదని వివరించారు. అంతలో వెనుక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. పోటీలో చివరి మాట నాదైనప్పుడు కలిగే హాయి. ఇన్నేళ్లయినా ఆ క్షణం తలపుకొస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది. చిన్నాయన ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన ఆశ తుంచిన చోట నిలబడి, నేను చప్పట్లు వింటున్నాను.

బయట వరండాలో అమ్మ లడ్డూలు పంచుతోంది.

"పాసైనట్టేనా బిడ్డా?"

"కాలేదమ్మా. ఇంకో ఏడాది చెయ్యాలె."

"మరి చప్పట్లెందుకు కొట్టిండ్రే?"

పక్కనుంచి పోతూ చిన్న స్కాలర్, "నాకిచ్చిన క్వశ్చన్ కంటె గిదే మస్తుంది అక్కా" అని గొణిగాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. రెండూ అయి ఉండాలి.

చిన్నాయన స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

"అంటే ఉత్తదేనా బిడ్డా?"

"ఉత్తది గాదు చిన్నాయనా. నీకు పనికొచ్చేది గాదు."

"అయితే ఆ గుంజను పీకే మందు చెయ్యి మరి."

"చేస్తుండ్రు. ఎన్నేండ్లు పడ్తదో తెల్వదు."

ఆయన తల ఊపాడు. చిన్నమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"నీకెప్పటిసంది ఎర్క?"

"ఎండకాలం సంది."

"ఎండకాలం సంది!" అప్పటికి బతుకమ్మ కూడా దాటింది. "ఇంతమంది ముంగట ఇంత ధైర్నంగ చెప్పినవ్ గదనే. మా ఇంట్ల చాయ్ తాగుకుంట ఆ ఒక్క ముక్క చెప్పకపోతివి? ఆయనకు చెప్పనీకి గింత పెద్ద హాలు కావాల్నా నీకు?"

"ఊకో" అన్నాడు చిన్నాయన.

"ఎందుకూకోవాలె?"

ఆమె ప్రశ్నను ఎవరూ ఆమెకు పంచలేదు. నేను సెమినార్లలో ఎవరినీ అంత సూటిగా అడిగి ఉండను. జవాబు కోసం వెతికాను. నిజం చెప్పడానికి నాకు ఒక వేదిక, వినే జనం, నిలబడి మాట్లాడే వరస అవసరమయ్యాయి. వంటింట్లో, పీట మీద కూర్చుని, ఒక్క మనిషికి చెప్పే నిజం నాకు చేతకాలేదు. ఇది ఆమెకు చెప్పలేదు. ఇది కూడా ప్రసంగంలాగే వినిపిస్తుందని భయపడ్డాను.

సార్ కొంతకాలం నాతో ముక్తసరిగా మాట్లాడారు. తర్వాత ఆయనే కొత్త అధ్యాయానికి కావలసిన రసాయనాలు తెప్పించారు. ఆ సంగతి పెద్దగా చెప్పుకోవలసింది కాదు.

మరుసటి వారం చిన్నాయనను పట్నం తీసుకుపోయాను. చిన్నమ్మ రానంది. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మల్లేపల్లి దాటాక పక్క సీటు పెద్దమనిషి నా గురించి అడిగితే, "మా అన్న బిడ్డ. మందు పనిచెయ్యదని కనిపెట్టింది" అన్నాడు. ఆ పెద్దమనిషి నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

దవాఖానలో డాక్టర్ కొత్త స్కానింగ్‌ను పాత ఫిల్ముల పక్కన పెట్టి చూశాడు. గడ్డ ఇంకాస్త పెరిగింది. చికిత్స ఉంది, మొదలుపెడదాం అన్నాడు. కానీ విసుగు దాచుకోలేదు.

"అప్పుడే రమ్మని చెప్పినం కదా. ఇన్ని నెలలు ఏం చేసిండ్రు?"

"పని ఒప్పుకున్న సార్" అన్నాడు చిన్నాయన వెంటనే. "పెండ్లి చీరలు. నడుమల ఇడిసిపెట్టి వస్తే ఊకోరు."

ఆ ఏడాది ఆయన చేతిలో పెండ్లి చీరలేవీ లేవు. నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే ఫిల్ముల కవరును నా చేతుల్లోకి నెట్టాడు, పట్టుకోమన్నట్టు.

డాక్టర్ ఇప్పుడు నన్ను చూశాడు. "మీరేమవుతారు?"

"మా అన్న బిడ్డ" అన్నాడు చిన్నాయన. "గిదే రోగం మీద పెద్ద చదువు చదువుతాంది."

"చదువుకున్నవాళ్లు ఇంట్లో ఉండి కూడా ఇంత ఆలస్యమా? మీరైనా ముందే తీసుకురావాల్సింది."

"అవును సార్" అన్నాను. "తీసుకురావాల్సింది."

డాక్టర్ చీటీ రాసిచ్చాడు. చిన్నాయన లేచాడు. ముక్క తీసే గది పై అంతస్తులో ఉంది, లిఫ్ట్ పనిచేయడం లేదు. ఆయన మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కాడు. నేను ఒక మెట్టు కింద నిలబడి ఆయన ఊపిరి అందుకునేదాకా ఆగాను.